మూడు నెలలకొకసారి అడిగే ప్రశ్న

పిల్లలిద్దరూ నిద్రపోయాక, ఇక్కడ ఇంగ్లండ్‌లో ప్రభుత్వం ఖర్చు భరించే చిన్నవాడి నర్సరీ గంటల కోసం మూడు నెలలకొకసారి మళ్ళీ ధ్రువీకరించవలసిన వివరాలను ఇప్పుడే పంపించాను. ఐదు నిమిషాల పని. అయినా నిద్ర రావడం లేదు. రాబోయే మూడు నెలల్లో మీరూ మీ భర్తా, ఎవరికి వారు, వారానికి 16 గంటల కనీస వేతనానికి తగ్గకుండా సంపాదిస్తారని అనుకుంటున్నారా అని అందులో అడుగుతారు. మా ఆఫీసులో ఉద్యోగాలకు భరోసా లేదని పోయిన వారమే రాశాను. "అవును" నొక్కాను. అనుకుంటున్నారా అని అడిగారు కనుక అది అబద్ధం కాదు. కానీ నొక్కే ముందు వేలు కాసేపు ఆగింది.

ఆ గంటల పేరెత్తితే నాకు నిరుటి కోపం తిరిగి వస్తుంది. ఇంగ్లండ్‌లో తొమ్మిది నెలలు నిండిన పిల్లలకు, తల్లిదండ్రులిద్దరూ పనిచేస్తుంటే, వారానికి 30 గంటల నర్సరీ ఖర్చును ప్రభుత్వం భరించడం 2025 సెప్టెంబరులో మొదలైంది. చిన్నవాడికి సరిగ్గా ఆ ఆగస్టు 20న తొమ్మిది నెలలు నిండాయి, నేనూ సెప్టెంబరులోనే తిరిగి ఉద్యోగంలో చేరాను. దరఖాస్తు పెట్టి, నర్సరీకి చూపించవలసిన అర్హత కోడ్ ఆగస్టు 31 లోపల తెచ్చుకుని ఉంటే, సెప్టెంబరు టర్మ్ (బడి ఏడాదిలోని మూడు భాగాల్లో ఒకటి) నుంచే గంటలు దొరికేవి. దరఖాస్తు తాను చూసుకుంటానన్న ఆయన, నా నేషనల్ ఇన్సూరెన్స్ నంబరు (ఇక్కడ పనిచేసే ప్రతి ఒక్కరికీ ప్రభుత్వం ఇచ్చే సంఖ్య) ఉన్న కాగితం కోసం నన్ను అడగకుండా ఇల్లంతా వెతికి, చివరకు సెప్టెంబరు 2న పంపారు. పదకొండు అంకెల కోడ్ వచ్చింది, కానీ అది పనికివచ్చేది జనవరి నుంచే. రెండు రోజుల ఆలస్యానికి నాలుగు నెలల పూర్తి ఫీజు కట్టాం. పిల్లల సంరక్షణ ఖర్చు కోసం మేము 8 పౌండ్లు వేస్తే ప్రభుత్వం 2 పౌండ్లు కలిపే ఖాతా ఒక్కటే అప్పుడు ఆసరా, ప్రభుత్వం కలిపేది కూడా మూడు నెలలకు 500 పౌండ్లు దాటదు. జనవరిలో బిల్లు తగ్గినప్పుడు సంతోషించిన మాట నిజం. 30 గంటలు ఏడాదిలో 38 వారాలకే కనుక, వాటిని ఏడాది పొడవునా సర్దితే వారానికి 22 గంటలే అవుతాయని ఆ బిల్లు చూశాకే అర్థమైంది.

పెద్దదాని రోజుల్లో ఇదీ లేదు. అప్పుడు మేము వర్క్ వీసా మీద ఉన్నాం. నివాస అనుమతి కార్డు వెనుక, ప్రభుత్వ నిధులు వర్తించవని ఒక పంక్తి ఉండేది. ఇద్దరిలో ఒక్కరికైనా ఆ షరతు లేకపోతే చాలు, కానీ మా ఇద్దరి కార్డుల మీదా ఉంది. నర్సరీ మేనేజరు నా కార్డును వెనక్కి తిప్పి, ఆ పంక్తి కింద గోరు ఆనించి, ఏమీ అనకుండా తిరిగి ఇచ్చిన క్షణం నాకు ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. అప్పుడే అమ్మ ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చింది. "జీతంలో పన్ను కోసుకుంటున్నారు కదే, మరి పిల్లకు ఎందుకివ్వరు?" అని అడిగితే నిబంధనలన్నీ వివరించాను. అన్నీ విని, "అయితే పిల్లను చూసుకోవడానికి నేనున్నాను కనుక సరిపోయింది, నేను వెళ్ళాక?" అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అమ్మ వెళ్ళిన తరువాత ఏడాదిన్నర పాటు నా జీతంలో ఎక్కువ భాగం నర్సరీకే పోయింది. పెద్దదానికి మూడేళ్ళు నిండాక, తరువాతి టర్మ్ నుంచి, ఆ వయసు పిల్లలందరికీ ఇచ్చే 15 గంటలు దానికీ వచ్చాయి. ఆ కాగితంలో పుట్టిన తేదీ అడిగారు. మా జీతాల గురించి గానీ వీసాల గురించి గానీ ఎవరూ అడగలేదు.

ఆయన చేసిన ఆలస్యం గురించే రాద్దామని కూర్చున్నాను, కానీ రాస్తూ ఉంటే నా కోపం అటువైపు లేదని తెలుస్తోంది. నర్సరీ గేటు దగ్గర కలిసే ఆమెకు మొన్న ఉద్యోగం పోయింది. పాప గంటలు ఇంకొంత కాలం నడుస్తాయి, తరువాత ఆగిపోతాయి. ఇంటర్వ్యూలకు వెళ్ళాలంటే పాపను ఎక్కడో ఒకచోట ఉంచాలి, ఉంచడానికి గంటలు కావాలి, గంటలు రావడానికి ఉద్యోగం కావాలి. భార్యాభర్తలకు ఏడాదికి చెరొక 99,000 పౌండ్లు వచ్చే ఇంటికి ఈ సాయం అందుతుంది. ఒక్కరి ఆదాయం లక్ష దాటితే పోతుంది. ఉద్యోగం వెతుక్కుంటున్న తల్లికి అసలే లేదు. పనిచేసేవారికి ఇవ్వడమే న్యాయమని నిరుడు నేనే ఇక్కడ గట్టిగా వాదించాను. ఆ మాటను ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. మూడేళ్ళ పిల్లలకు పుట్టిన తేదీ ఒక్కటే అడిగి ఇవ్వగలిగినప్పుడు, ఏడాది పిల్లలకు తల్లి జీతం ఎందుకు అడగాలో నాకు అర్థం కావడం లేదు.

గురువారం పదిన్నరకు ఆమెకు ఒక ఇంటర్వ్యూ ఉందట. అడగలేక అడిగింది. తొమ్మిదింటికల్లా పాపను మా ఇంట్లో దింపమన్నాను, పూటకు సెలవు అడుగుతూ మేనేజరుకు ఇప్పుడే మెయిల్ పంపాను. ఆయనకు పొద్దున చెప్పాలి.