పది భుజకీర్తులు, ఒక సిలికాన్ అచ్చు: నా అనుభవం

విజయవాడలో మా పౌరాణిక నాటక బృందానికి పది భుజకీర్తులు కావాల్సి వచ్చాయి. అట్టతో చేసినవి రెండు ప్రదర్శనలకే నలిగిపోతున్నాయి. ఒక్కటి చక్కగా చేసుకుని, సిలికాన్‌తో అచ్చు తీసి, రెజిన్‌తో (పోశాక గట్టిపడే ద్రవ ప్లాస్టిక్) పదీ పోద్దామనుకున్నాను.

భుజకీర్తి నమూనాగా పురివిప్పిన నెమలిని మోడలింగ్ క్లేతో వారం రోజులు కూర్చుని దిద్దాను. ఈకల మీద గీతలన్నీ సూదితో గీసినవే. చుట్టూ ఫోమ్ బోర్డు నిలబెట్టి, మూలలకి గ్లూ గన్ పెట్టి, ప్లాటినం రకం సిలికాన్ (ప్లాటినం ఉత్ప్రేరకంతో గట్టిపడేది) పోశాను. మర్నాడు విప్పితే పైన గట్టిగానే ఉంది. క్లేకి తగిలిన వైపంతా మాత్రం లేతపాకంలా వేళ్లకి సాగుతోంది. ఈకల గీత ఒక్కటీ నిలవలేదు. ఏడుపొచ్చేసింది.

తప్పు క్లేలో ఉన్న గంధకానిది. అది తగిలితే ప్లాటినం ఉత్ప్రేరకం పనిచేయదు, సిలికాన్ గట్టిపడదు. లేటెక్స్ గ్లోవ్స్‌తో ముట్టుకున్నా ఇదే గొడవ. అదే క్లే ముక్క మీద ముందు ఒక చెంచాడు పోసి చూసుకుని ఉంటే డబ్బా మొత్తం మిగిలేది. ఎవరు మొదలుపెట్టినా ముందు ఈ పని చేయండి.

రెండోసారి టిన్ రకం సిలికాన్ (తగరం ఉత్ప్రేరకంతో గట్టిపడేది) తెచ్చాను. దానికి గంధకంతో పేచీ లేదు. కాలం గడిచేకొద్దీ కాస్త కుదించుకుపోతుంది, ప్లాటినం అంత కాలం మన్నదు. పది ముక్కలకి అది చాలు. ఈకలు మళ్లీ దిద్దడానికి ఇంకో మూడు రోజులు.

మే నెల ఎండలో కలిపితే గిన్నెలోనే చిక్కబడుతుందని తెల్లవారుజామున అయిదింటికి లేచాను. నా డబ్బా మీద రాసినట్టు 100 గ్రాముల సిలికాన్‌కు 3 గ్రాముల హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) త్రాసు మీద తూచి కలిపాను. ముందు బ్రష్‌తో ఈకల సందుల్లోకి పల్చగా పూశాను. మిగతాది మూర ఎత్తు నుంచి, నేతిధారలా సన్నగా, ఒకే మూలన వదిలాను. అలా సాగి పడుతుంటే లోపలి బుడగలు చిట్లిపోతాయి. నెమలి మీద నేరుగా పోయకూడదు, మూల నుంచి అదే పాక్కుంటూ వచ్చి కప్పాలి.

పాలియురేథేన్ రెజిన్ తేమ తగిలితే నురగ కడుతుంది. మన ఉక్కపోతలో అది వద్దనుకుని ఎపాక్సీ రెజిన్ వాడాను. అచ్చులో ముందే బంగారు రంగు పొడి అద్ది పోశాను. రోజుకొకటి చొప్పున పది రోజులు పట్టింది.

మొదటిది ఊడదీసి దీపం దగ్గర పెట్టి చూశాను. సూది గీతలతో పాటు, కింది ఈక మీద నా బొటనవేలి రేఖలు కూడా దిగాయి. పదింటి మీదా ఉన్నాయి.