తాతయ్యకి సారీ చెప్పనంది

"నేను తప్పు చెప్పలేదుగా అమ్మా, సారీ ఎందుకు?"

మా అమ్మాయి ఇలా అడిగితే ఏం చెప్పాలో తోచక "పెద్దవాళ్ళకి ఎదురు చెప్పకూడదు, అంతే" అన్నాను. చిన్నప్పుడు ఆ "అంతే" అన్న మాటంటే నాకే ఒళ్ళు మండేది.

గొడవంతా గోడ మీద మరకల గురించి. మేముండేది ఫ్లోరిడాలో, టాంపా దగ్గర. పక్క గోడ కింది భాగమంతా తుప్పు రంగుకి తిరిగిందని, శుభ్రం చేయించమని కాలనీ అసోసియేషన్ నుంచి ఉత్తరం వచ్చింది. వైజాగ్ నుంచి వచ్చి మాతో ఉంటున్న మామయ్యగారు గోడ చూసి, లోపల చువ్వలు తుప్పు పట్టాయమ్మా, ప్లాస్టరింగ్ కొట్టి చూడాల్సిందే అని తేల్చేశారు. ఆయన ఊరికే అనలేదు. సముద్రపు గాలికి స్లాబులు పెచ్చులూడి చువ్వలు బయటపడటం ఏళ్ళ తరబడి చూసిన మనిషి, వాళ్ళింటి బాల్కనీ కూడా అలాగే పోయింది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటుని పగలగొడుతుంది, ఆ పగుల్లోంచే మరక కారుతుంది.

"కాదు తాతయ్యా, ఇక్కడ పగులే లేదు" అంది మా అమ్మాయి. అక్కడితో ఆగితే సరిపోయేది. ఆయన్ని చెయ్యి పట్టుకుని ఏసీ యూనిట్ దగ్గరికి తీసుకెళ్ళింది. ఆ డబ్బా ఎంత ఉందో సరిగ్గా అంతమేర వెనక గోడ తెల్లగా ఉంది. అటూ ఇటూ మోకాలెత్తు వరకు నారింజ రంగు, పైకి వెళ్ళేకొద్దీ వంపు తిరిగి, చివర్లో చిన్న చిన్న చుక్కలు. చువ్వల తుప్పయితే ఏసీ అడ్డుందని ఆగుతుందా, ఇది లాన్ తడిపే స్ప్రింక్లర్ చిమ్మిన నీళ్ళ మరక అని దాని వాదన.

మామయ్యగారు మారు మాట్లాడకుండా లోపలికెళ్ళి టీవీ పెట్టుకున్నారు. నేను దాన్ని వంటింట్లోకి లాక్కెళ్ళి సారీ చెప్పమన్నాను, చెప్పనంది, ఇప్పటికీ చెప్పలేదు.

ఇదే నేను, క్లాసులో నోరు విప్పదని టీచర్ అంటే, డౌట్ వస్తే అడగాలి, తప్పనిపిస్తే చెప్పాలి అని రోజుల తరబడి దాని బుర్ర తిన్నదాన్ని. అంటే స్కూల్లో అడగాలి, ఇంట్లో అడగకూడదు. ఇంట్లో కూడా నన్ను కొంచెం అడగొచ్చు, వాళ్ళ నాన్నని ఎంతైనా అడగొచ్చు, తాతయ్యని మాత్రం అడగకూడదు. ఎక్కడా రాసిలేని ఈ రూల్స్ పిల్లకెలా తెలుస్తాయి? అసలు నా టెన్షన్ ఆయన నొచ్చుకున్నారని కూడా కాదు, కోడలు పిల్లని ఎలా పెంచిందో చూడండి అనుకుంటారేమోనని.

అది మాత్రం వదిలిపెట్టలేదు. స్ప్రింక్లర్ నీళ్ళు గాజు గ్లాసులో పట్టి కిటికీలో పెట్టింది. పట్టినప్పుడు తేటగానే ఉన్నాయి, తెల్లారేసరికి అడుగున ఇటుకపొడి లాంటి మడ్డి. మా లాన్‌కి వాడేది బోరు నీళ్ళు. భూమి లోపల ఉన్నంతసేపు ఇనుము నీళ్ళలో కరిగి ఉంటుంది కాబట్టి కంటికి కనపడదు, గాలి తగిలాక తుప్పుగా మారి గోడని పట్టుకుంటుంది. ఇక్కడి పర్యావరణ సంస్థ ఈపీఏ తాగే నీళ్ళలో ఇనుముకి సూచించిన హద్దు లీటరుకి 0.3 మిల్లీగ్రాములు, అంతకంటే ఎక్కువైతే మరకలు పడతాయని. ఇంత తక్కువ ఇనుము ఇంత గోడని పాడుచేస్తుందని నేననుకోలేదు.

మీ గోడకీ ఇలాంటివి ఉంటే ముందు మరక ఆకారం చూడండి. ఒక చుక్క దగ్గర మొదలై నిలువునా కారితే అక్కడ మేకో స్క్రూవో ఉన్నట్టు. పగులు వెంబడి ఉండి, తట్టితే డొల్లగా మోగితే మామయ్యగారి మాటే నిజం కావచ్చు, ఇంజనీర్‌ని పిలవండి. బ్లీచ్ మాత్రం కొట్టకండి, తుప్పు మరక పోదు సరికదా ఇంకా ముదురుతుంది. ఆక్సాలిక్ యాసిడ్ ఉన్న క్లీనర్ వాడాలి, దాన్ని బ్లీచ్‌తో పొరపాటున కూడా కలపకూడదు, విషవాయువు వస్తుంది. అన్నిటికంటే ముందు స్ప్రింక్లర్ మూతి గోడ మీద నుంచి పక్కకి తిప్పాలి, లేకపోతే ఎంత కడిగినా మళ్ళీ మొదటికే.

గోడ గురించైతే ఇలా గడగడా చెప్పేస్తున్నాను. పెద్దాయన పొరబడితే పదకొండేళ్ళ పిల్ల ఏమనాలి, ఎంతవరకు అనాలి అని ఎవరైనా అడిగితే మాత్రం నా దగ్గర ఏమీ లేదు. నెమ్మదిగా చెప్పమంటాం గానీ, అది నెమ్మదిగానే చెప్పింది మరి.

మొన్న మామయ్యగారు వైజాగ్‌లో ఉన్న తమ్ముడితో ఫోన్లో "చూడగానే చెప్పాన్రా, ఇది స్ప్రింక్లర్ పనే అని" అంటున్నారు. పక్కనే హోంవర్క్ చేసుకుంటున్న మా అమ్మాయి తలెత్తి నా వైపు చూసింది. వద్దని కళ్ళతోనే సైగ చేశాను. మళ్ళీ తల దించుకుని లెక్కలు చేసుకుంది. నేను వద్దన్నానని ఊరుకుందో, పోన్లే తాతయ్యే కదా అని ఊరుకుందో నేను అడగలేదు. అడిగితే ఉన్నదున్నట్టు చెప్పేస్తుంది.