ఎ సెక్షన్ అమ్మ

అమెరికాలో ఇల్లు వెతికేటప్పుడు తెలుగువాళ్లం మొదట చూసేది బడి రేటింగు. వాస్తు ఆ తర్వాతే. పదికి ఎనిమిది కన్నా తగ్గితే ఆ వీధిలోకి కారు కూడా తిప్పం. మేము మాత్రం పదికి మూడు వచ్చిన హైస్కూలు పరిధిలో ఉన్నాం. ఇందులో ఆదర్శమేమీ లేదు. మా వారి ఉద్యోగం పోయిన ఏడాది, అద్దె తక్కువని మిడ్‌వెస్ట్‌లోని ఈ పాత ఫ్యాక్టరీ పట్టణానికి వచ్చాం. తర్వాత ఉద్యోగం దొరికింది, అమ్మాయికి స్నేహితులు కుదిరారు, ఇక కదలబుద్ధి కాలేదు. "పిల్లను ఆ బడికే పంపుతున్నారా?" అని ఒక పేరంటంలో ఒకావిడ అడిగారు. పిల్లకు జ్వరమని చెబితే ఎంత నొచ్చుకుంటారో అంత నొచ్చుకుంటూ అడిగారు.

అమ్మాయి పదో తరగతిలో ఉండగా, 2022 చివర్లో ఇంటికి ఉత్తరం వచ్చింది. వెనుకబడిన బడుల జాబితాలో మా హైస్కూలును చేర్చారని, దాన్ని ఎలా మార్చాలో చెప్పడానికి తల్లిదండ్రులంతా రావాలని దాని సారాంశం. 2015 నాటి 'ఎవ్రీ స్టూడెంట్ సక్సీడ్స్' చట్టం ప్రకారం ప్రతి రాష్ట్రమూ ముఖ్యంగా రెండు రకాల బడులను గుర్తించాలి. పేద పిల్లల కోసం ఇచ్చే టైటిల్ 1 నిధులు అందుకునే బడుల్లో అట్టడుగు 5 శాతం ఒకటి. మూడో వంతు, అంతకన్నా ఎక్కువమంది పిల్లలు చదువు ముగించలేకపోతున్న హైస్కూళ్లు రెండోది. మాది ఈ రెండో లెక్కలోకి వచ్చింది. అంతకుముందు, 2002 నుంచి అమల్లో ఉన్న చట్టం ఇంకా కటువైనది. బడి ఏళ్ల తరబడి లక్ష్యం తప్పితే సిబ్బందిని మార్చడమో, ప్రభుత్వ డబ్బుతో విడిగా నడిచే చార్టర్ బడిగా తెరవడమో, ప్రైవేటు సంస్థకు అప్పగించడమో, రాష్ట్రమే స్వాధీనం చేసుకోవడమో అని మందుల చీటీ రాసినట్టు రాసిపెట్టింది. కొత్త చట్టం ఆ చీటీ పక్కన పెట్టి, ఉపాధ్యాయులతో, తల్లిదండ్రులతో కలిసి ప్రణాళిక వేసుకోమంది.

తల్లిదండ్రులతో కలిసి! నాకు నవ్వొచ్చింది. మా నాన్న నన్ను బడిలో చేర్చిన రోజున "కళ్లు రెండూ వదిలేసి ఎక్కడైనా కొట్టండి మాస్టారూ" అని చెప్పి వచ్చేశారు. మళ్లీ బడి గుమ్మం తొక్కింది టీసీ తీసుకోవడానికే. ఇప్పుడు అక్కడ కూడా 2009 విద్యాహక్కు చట్టం వచ్చాక ఎనిమిదో తరగతి దాకా బడి కమిటీల్లో ముప్పావు వంతు తల్లిదండ్రులే ఉండాలంటోంది. మా నాన్న కాలంలో అలాంటి మాట వింటే ఆయనే ముందు అభ్యంతరం చెప్పేవారు.

మొదటి సమావేశం బడి భోజనశాలలో పెట్టారు. గోడల నిండా పెద్ద కాగితాలు, ఒక్కో కాగితం మీద ఒక్కో అవసరం. తలా మూడు ఆకుపచ్చ చుక్కల స్టిక్కర్లు ఇచ్చి, ముఖ్యమనుకున్నవాటి మీద అంటించమన్నారు. నా మూడు చుక్కలూ తీసుకెళ్లి 'మరిన్ని అడ్వాన్స్‌డ్ కోర్సులు' అన్న కాగితానికే అంటించాను. చదువులో ముందున్న పిల్లలకు పెట్టే కష్టమైన క్లాసులవి. అమ్మాయి తన చుక్కల్ని తొమ్మిదో తరగతికి ఒకటి, కౌన్సెలర్లకు ఒకటి, సాయంత్రం బస్సుకు ఒకటి పంచింది.

"నీకు పనికొచ్చేది ఒక్కటీ లేదే అందులో?" అన్నాను కారెక్కాక.

"అమ్మా, నేనుండే అడ్వాన్స్‌డ్ క్లాసులన్నీ పై అంతస్తులోనే. ఇంగ్లిషుకైనా లెక్కలకైనా అవే ముఖాలు. కింద ఎవరు చదువుతున్నారో కూడా నాకు తెలియదు. మీ చిన్నప్పుడు ఇలా ఉండేది కాదేమో" అంది.

ఎందుకుండదు? జిల్లా పరిషత్ హైస్కూల్లో నేను నాలుగేళ్లూ ఎ సెక్షన్. మార్కుల్ని బట్టి విడదీసేవారు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారిని నేరుగా మా గదికే తెచ్చేవారు. లెక్కల మాస్టారు ఒక్కరే ఉండటంతో ఆయన మాకే. బి సెక్షన్‌కు డ్రిల్లు మాస్టారు లెక్కలు చెప్పేవారు. అందులో తప్పేముందని అప్పట్లో ఎవరికీ అనిపించలేదు, నాకైతే అసలే అనిపించలేదు. విమానమెక్కేటప్పుడు ఆవకాయ సీసాతో పాటు ఆ సెక్షన్ కూడా తెచ్చుకున్నానన్న సంగతి కారులో తెలిసొచ్చింది. అయినా ఒప్పుకోలేదు. అమ్మాయి మీద పంతంతో ప్రణాళిక కమిటీలో పేరిచ్చాను.

ఆరు నెలలు, ప్రతి మంగళవారం సాయంత్రం. ఉపాధ్యాయులు, ఇద్దరు విద్యార్థులు, స్కూలు బస్సు నడిపే ఒకాయన, చెవిలో అనువాదం వింటూ కూర్చునే గ్వాటెమాలా తల్లి, ఇద్దరు మనవళ్లను ఒంటిచేత్తో పెంచుతున్న ఒక బామ్మగారు. మొదటి నెలంతా ఎవరి గొడవ వాళ్లది. ఒక తండ్రి బడిని నాలుగు చిన్న బడులుగా విడగొడదామన్నారు. చరిత్ర చెప్పే టీచరు తల అడ్డంగా ఊపారు. 2000 తర్వాత గేట్స్ ఫౌండేషన్ సరిగ్గా ఆ పనికే దేశమంతటా భారీగా డబ్బు పోసిందని, వాటిలో చాలా బడుల్లో చదువు అనుకున్నంతగా మెరుగుపడలేదని 2009లో బిల్ గేట్సే తన వార్షిక లేఖలో రాసుకున్నారని చెప్పారు. జనాన్ని అడగకుండా చేస్తే ఏమవుతుందో చెప్పడానికి ఆవిడే షికాగోలోని డయెట్ హైస్కూలు కథ ఎత్తుకున్నారు. దాన్ని మూసేయాలని నిర్ణయిస్తే, చుట్టుపక్కల జనం తమ సొంత ప్రణాళిక రాసి, 2015లో 34 రోజులు నిరాహార దీక్ష చేశారు. మరుసటి ఏడాది ఆ బడి మళ్లీ తెరుచుకుంది. నిరాహార దీక్ష అనగానే అందరూ నా వైపు చూశారు, గాంధీగారికి నేనేదో చుట్టమన్నట్టు.

మా చర్చకు దారి చూపింది మాత్రం ఒక పాత లెక్క. ఇక్కడ హైస్కూలు మొదటి ఏడైన తొమ్మిదో తరగతి చివరికి సరిపడా క్రెడిట్లు, అంటే పాసైన కోర్సుల లెక్క, తెచ్చుకుని, ముఖ్యమైన సబ్జెక్టుల్లో ఒక సెమిస్టరుకు మించి ఫెయిల్ కాకుండా ఉన్న పిల్లలు, అలా లేనివాళ్ల కన్నా మూడున్నర రెట్లు ఎక్కువగా నాలుగేళ్లలో చదువు ముగిస్తున్నారని షికాగో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో చూపించారు. అప్పుడు మా తొమ్మిదో తరగతి మార్కుల, హాజరు పట్టీలు తెప్పించాం. ఎక్కువమంది ఫెయిలైంది ఆల్జీబ్రాలో. ఆల్జీబ్రా మొదటి పీరియడు, ఉదయం ఏడూ ఇరవైకి. ఆ పీరియడుకు రానివాళ్లలో చాలామంది తమ్ముళ్లనీ చెల్లెళ్లనీ చిన్నబడిలో దించి వస్తున్నవాళ్లు. ఆ సంగతి చెప్పింది పరిశోధకులు కాదు, బస్సు డ్రైవరుగారు. "ఆ పిల్లలు మూలమీద నిలబడటం నేను రోజూ చూస్తాను" అన్నారు. ఆయన్ని అంతకుముందు ఎవరూ అడగలేదట.

అడ్వాన్స్‌డ్ క్లాసులకు ప్రవేశ పరీక్ష తీసేద్దామన్న ప్రతిపాదన వచ్చినప్పుడు నేను వ్యతిరేకంగా చెయ్యెత్తాను. ప్రమాణాలు పడిపోతాయన్నాను. మా అమ్మాయి అర్హత పడిపోతుందన్న భయానికి ఆ మాట మర్యాదైన ముసుగు. పక్క ఊళ్లో ఉండే స్నేహితురాలు ఫోనులో "నువ్వు సరిగ్గా చెప్పావు" అంది. ఆమె మెచ్చుకున్నాక నాకు గుబులు మొదలైంది. రెండు వారాల తర్వాత రెండోసారి ఓటు పెట్టినప్పుడు చెయ్యి రెండో వైపు ఎత్తాను. అమ్మాయి ఆ సంగతి తన స్నేహితురాలి ద్వారా తెలుసుకుంది కానీ నాతో ఏమీ అనలేదు. ఆ రాత్రి తనే అన్నం వండింది.

చివరికి తేలినవి ఇవీ: తొమ్మిదో తరగతి పిల్లల్ని వందమంది చొప్పున జట్లుగా చేసి, ఒక్కో జట్టుకు అదే నలుగురు టీచర్లు. ఆల్జీబ్రా మూడో పీరియడుకు మారింది. సాయంత్రం బస్సు వారానికి రెండు రోజులు. ప్రవేశ పరీక్ష పోయింది. రెండో కౌన్సెలర్‌కు డబ్బు చాలలేదు. ఇక్కడ బడి ఖర్చులో ఫెడరల్ ప్రభుత్వ వాటా మామూలుగా దాదాపు పదో వంతే. మిగిలినదాంట్లో పెద్ద భాగం రాష్ట్రమూ, ఇళ్ల మీద వేసే ఆస్తి పన్నూ మోయాలి. రేటింగు చూసి మనలాంటివాళ్లం దాటిపోతే ఇళ్ల ధరలు పెరగవు, ధరలు పెరగకపోతే బడికి డబ్బు రాదు, డబ్బు లేకపోతే రేటింగు పెరగదు.

ప్రణాళికను స్కూలు బోర్డు ముందు పెట్టిన రోజు మాట్లాడటానికి తలా రెండు నిమిషాలిచ్చారు. కాగితం మీద రాసుకున్నది మొదటి నిమిషంలోనే అయిపోయింది. మిగిలిన నిమిషం మా ఎ సెక్షన్ గురించి చెప్పాను. ఎదురుగా ఎర్ర దీపం వెలిగేసరికి డ్రిల్లు మాస్టారి దగ్గర ఉన్నాను. వాక్యం మధ్యలోనే ఆపి కూర్చున్నాను.

బయట నడవాలో బామ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. "ఆ రెండో గదిలో పిల్లలున్నారే, వాళ్లిప్పుడు ఏం చేస్తున్నారు?" అని అడిగారు.

చెప్పబోయి ఆగాను. నాలుగేళ్లు గోడకు అవతలే కూర్చున్నారు వాళ్లు. ఒక్క పేరు గుర్తు రాలేదు.

ఇంటికెళ్లి అన్నయ్యకు ఫోన్ చేశాను. అక్కడ తెల్లవారుతోంది. సంగతంతా విని, "నాకెలా తెలుస్తుందే, నేనూ ఎ సెక్షనే కదా" అన్నాడు. కాసేపాగి, డ్రిల్లు మాస్టారికైతే వాళ్లందరి పేర్లూ ఇంటిపేర్లతో సహా నోటికి వచ్చేవని, ఆయన పోయి అప్పుడే పదేళ్లయిందని చెప్పాడు.