వార్డులో ఫార్మసిస్ట్‌కి ఏం పని అని అడిగేవాళ్లకి

ఫార్మసిస్ట్ అంటే మనవాళ్లకి గుర్తొచ్చేది కౌంటర్ వెనకాల నిలబడి చీటీ చూసి స్ట్రిప్ కత్తిరించి ఇచ్చే మనిషే. అందులో తప్పేం లేదు, అందరూ రోజూ చూసేది వాళ్లనే కదా. కానీ డాక్టర్ గారితో పాటు రౌండ్స్‌కి తిరిగే ఫార్మసిస్టులు కూడా ఉంటారు, క్లినికల్ ఫార్మసిస్ట్ అంటారు, వైజాగ్‌లో ఒక ప్రైవేట్ హాస్పిటల్‌లో నేను చేసే ఉద్యోగం అదే. చుట్టాల దగ్గర్నుంచి పేషెంట్ల అటెండర్ల దాకా అందరూ అడిగేది ఒకటే, డాక్టరున్నారు, సిస్టరున్నారు, మధ్యలో నువ్వేం చేస్తావమ్మా అని.

మా పని మందుల సంచితో మొదలవుతుంది. వైజాగ్ హాస్పిటళ్లకి సిటీ వాళ్లే కాదు, శ్రీకాకుళం, విజయనగరం, పాడేరు, అటు ఒడిశాలో కోరాపుట్ నుంచి కూడా వస్తారు, ఎక్కువమంది చేతిలో ఒక బట్టల షాపు కవరు, అందులో నాలుగైదు చోట్ల రాయించుకున్న మందులు. సగం కత్తిరించిన స్ట్రిప్ మీద పేరులో మూడు అక్షరాలే మిగులుతాయి, ఎక్స్‌పైరీ ఉన్న ముక్క షాపులోనే ఉండిపోతుంది. అవన్నీ మంచం మీద పరిచి ఏది ఎందుకు, ఏ పూట, ఎవరు రాశారు అని ఒక్కొక్కటీ అడిగి రాసుకోవాలి. ఓపిక కావాలి, తొందరపడితే అసలు విషయం బయటికి రాదు.

శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు నుంచి వచ్చిన ఒక మామ్మగారి సంగతి చెప్తాను. 72 ఏళ్లు, బరువు 45 కిలోలు, కాలిలో రక్తం గడ్డకట్టి అడ్మిట్ అయ్యారు. బీపీ మాత్ర, సుగర్ మాత్ర చూపించారు. ఇంకేమైనా వేసుకుంటారా మామ్మా అంటే లేదన్నారు. మోకాళ్ల నొప్పులొస్తే ఏం చేస్తారు అని అడిగితే అప్పుడు, "మా ఊరి మందుల షాపోడు ఇచ్చిన బిళ్ళ ఏసుకుంటానమ్మా, అది కూడా సెప్పాలేటి?" అన్నారు. అది డైక్లోఫెనాక్. బీపీ మాత్రేమో టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయజైడ్ కలిపినది. నొప్పి బిళ్ళ కిడ్నీలోకి రక్తం వచ్చే నాళాన్ని బిగిస్తుంది, టెల్మిసార్టాన్ బయటికి పోయే నాళాన్ని వదులు చేస్తుంది, రెండో మందు ఒంట్లో నీటిని తగ్గిస్తుంది, మూడూ కలిస్తే వడపోతకి కావాల్సిన ప్రెషరే ఉండదు. అసలే కిడ్నీ జబ్బులతో ఎన్నో ఏళ్లుగా నలిగిపోతున్న ప్రాంతం అది.

కిడ్నీ పనితీరు తెలుసుకోవడానికి రక్తంలో చూసే క్రియాటినిన్ ఆవిడకి 1.4. రిపోర్టులో ఆ నంబర్ చూస్తే ఎవరికీ పెద్ద కంగారు పుట్టదు. కానీ 1976 నుంచి వాడుతున్న కాక్‌క్రాఫ్ట్ గాల్ట్ లెక్క వేసి చూడండి, 140లోంచి వయసు తీసేసి బరువుతో గుణించి, దాన్ని 72 (ఇది వయసు కాదు, లెక్కలో ఎవరికైనా ఉండే అంకె) ఇంటూ క్రియాటినిన్‌తో భాగించాలి, ఆడవాళ్లయితే చివర్లో 0.85తో గుణించాలి, వచ్చేది క్లియరెన్స్, అంటే కిడ్నీల వడపోత ఎంత జరుగుతోందో చెప్పే అంచనా, ఈవిడకి వచ్చింది నిమిషానికి 26 మిల్లీలీటర్లు! రక్తం పల్చబడటానికి ఎనాక్సాపారిన్ ఇంజెక్షన్ పొద్దున ఒకటి రాత్రి ఒకటి రాసి ఉంది, క్లియరెన్స్ 30 కంటే తగ్గితే అది రోజుకి ఒక్కసారే ఇవ్వాలి, లేకపోతే మందు ఒంట్లో పేరుకుపోయి బ్లీడింగ్ అయ్యే ప్రమాదం ఉంది. సర్, క్లియరెన్స్ 26 వస్తోంది, ఇంట్లో డైక్లోఫెనాక్ కూడా వాడుతున్నారంట అని డాక్టర్ గారికి చెప్పాను. సర్ ఫైల్ తీసుకుని ఇంజెక్షన్ ఒక పూటకి మార్చారు, ఆవిడ వేసుకునే సుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్, ఆ బీపీ మాత్ర ఆపేశారు, నొప్పికి పారాసెటమాల్ రాశారు, క్రియాటినిన్ రోజురోజుకీ మారుతుంటే ఈ లెక్క కుదరదు కాబట్టి మర్నాడు మళ్లీ టెస్ట్ పెట్టారు. నిర్ణయం డాక్టర్ గారిదే, ఆ నిర్ణయానికి కావాల్సిన సమాచారం సమయానికి చేతికందించడం మా పని.

ఆ సమయం దగ్గరే నా బాధంతా. చాలా చోట్ల ఫార్మసిస్ట్‌ని రౌండ్స్‌కి పిలవరు, సాయంత్రం ఫైళ్లు పంపించి చూడమంటారు, అప్పటికి మొదటి డోస్ ఒంట్లోకి వెళ్లిపోయే ఉంటుంది, మేం తప్పు పట్టుకున్నా అది రిజిస్టర్‌లో రాసుకోవడానికే పనికొస్తుంది. 1999లో అమెరికాలో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ ఐసీయూ స్టడీ ఒకటి వచ్చింది, సీనియర్ ఫార్మసిస్ట్‌ని పొద్దున రౌండ్స్‌లో డాక్టర్ల పక్కన ఉంచారు. మందులు రాయడంలో పొరపాట్ల వల్ల జరిగే నష్టాలు వెయ్యి పేషెంట్ రోజులకి (ఒక పేషెంట్ ఒక రోజు ఉంటే ఒక పేషెంట్ రోజు) 10.4 నుంచి 3.5కి పడిపోయాయి. ఫార్మసిస్ట్ ఇచ్చిన 366 సూచనల్లో 362 డాక్టర్లు ఒప్పుకున్నారు. అంటే డాక్టర్లకి అభ్యంతరమేం లేదు, మాట వాళ్ల చెవిన పడాలి అంతే.

ఇక మన ఏజెన్సీ నుంచి వచ్చే వైవాక్స్ మలేరియా కేసులు చూడండి, ప్రైమాక్విన్ 14 రోజులు ఇస్తారు, జీసిక్స్‌పీడీ అనే ఎంజైమ్ పుట్టుకతోనే తక్కువగా ఉన్నవాళ్లకి అదే మందు ఎర్ర రక్తకణాల్ని పగలగొట్టేస్తుంది. ఆ టెస్ట్ అయిందా లేదా అని ఒక మనిషి అడగాలి కదా.

క్లినికల్ ఫార్మసిస్ట్ పనికి తయారుచేసే ఫార్మ్ డి కోర్సు మన దేశంలో 2008లో మొదలైంది, ఆరేళ్లు, చివరి ఏడాది పూర్తిగా హాస్పిటల్లో ఇంటర్న్‌షిప్. అంత చదివి మా జూనియర్లు మంచి మంచి పిల్లలు మెడికల్ కోడింగ్‌కని, అంటే జబ్బులకి, చికిత్సలకి కోడ్ నంబర్లు వేసే ఆఫీసు ఉద్యోగానికని హైదరాబాద్ బస్సెక్కేస్తుంటే నాకు నిజంగా కడుపు తరుక్కుపోతుంది, వార్డుల్లో పని లేక కాదు, పోస్టులు లేక. కొన్ని చోట్ల ఇన్‌స్పెక్షన్ వస్తోందంటే మాత్రం ఒకరిని తీసుకొస్తారు, అది అయిపోగానే స్టోర్‌లో స్టాక్ లెక్కలకి వేసేస్తారు.

డిశ్చార్జ్ రోజు ఇంకా ముఖ్యం, బిల్లు హడావిడిలో మందుల గురించి ఎవరూ వినరు. కీళ్లవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కసారే వేసుకోవాలి, రోజూ వేసుకుంటే ప్రాణం మీదకొస్తుంది, అందుకే వారంలో ఏ రోజో పేషెంట్ చేతే చెప్పించి చీటీ మీద పెద్దక్షరాలతో రాస్తాను, సోమవారం అంటే సోమవారమే.

మీవాళ్లెవరైనా అడ్మిట్ అయితే ఇంట్లో ఉన్న మందులన్నీ తీసుకెళ్లండి, నొప్పి బిళ్ళలు, ఆయుర్వేదం పొడులు, నిద్రమాత్రలు అన్నీ, మొహమాటపడొద్దు. షాపులో పేరున్న వైపు ఉంచి కత్తిరించమని అడగండి. క్లినికల్ ఫార్మసిస్ట్ ఉన్నారా అని కూడా హాస్పిటల్లో అడగండి, పదిమంది అడిగితే మేనేజ్‌మెంట్ ఆలోచిస్తుంది. మందు పడక ఇబ్బంది అయితే మందుల దుష్ప్రభావాలు నమోదు చేసుకునే ఫార్మకోవిజిలెన్స్ వాళ్ల టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024, పేషెంట్లు కూడా నేరుగా ఫోన్ చేసి చెప్పొచ్చు.