పత్తర్‌గట్టిలో వాన

శనివారం, రాత్రి పదిన్నర.

ఈరోజు పెద్ద పనేం లేదు. ఆడబిడ్డ పెళ్లి కార్డులకు ఆర్డరిచ్చి రావాలి, అంతే. ఫోన్లో డిజైన్ చూసి సరే అంటే ఇంటికే పంపించేవాళ్లు మా కొండాపూర్‌లోనే బోలెడుమంది ఉన్నారు. అత్తమ్మ ఒప్పుకోలేదు. "కాయితం చేతుల పట్టి చూడకుండ ఎట్ల తీసుకుంటం బిడ్డా? మా పెండ్లి కార్డులు గూడ ఛత్తా బజార్లనే కొట్టిచ్చిండ్రు" అంది. పాతబస్తీలో కార్డులు అచ్చువేసే షాపుల బజారది. అత్తమ్మకి అరవై ఎనిమిదేళ్లు, రెండు మోకాళ్లూ నొప్పులే. సరే, బయల్దేరాం.

మా గేటు నుంచి రోడ్డు అవతలికి నలభై అడుగులుంటుందేమో. మియాపూర్ వైపు ఆటోలు ఆగేది అవతలే. మధ్యలో డివైడర్, దాని మీద ఇనుప కంచె. కంచెకి ఎవరో ఓ చువ్వ వంచి దారి చేసుకున్నారు. కుర్రాళ్లు అందులోంచి పక్కకి తిరిగి దూరిపోతారు, అత్తమ్మ ఎలా దూరుతుంది? ఇవతలే ఆటో ఎక్కి యూటర్న్ దాకా పోయి, తిరిగొచ్చి, మళ్లీ మా గేటు ఎదురుగానే వెళ్లాం. అటు నుంచి వాచ్‌మన్ చెయ్యి ఊపాడు. రోడ్డు దాటడానికి అరవై రూపాయలు.

మెట్రోలో మాత్రం హాయి. మియాపూర్‌లో ఎక్కితే ఎంజీబీఎస్ బస్టాండు దాకా మారే పని లేదు. దాదాపు ముప్పావు గంట అత్తమ్మ కిటికీకి అతుక్కుపోయి కూర్చుంది. మూడో అంతస్తు ఎత్తులో వెళ్తుంటే ఊరంతా వెనకవైపు నుంచి కనిపిస్తుంది: నీళ్ల ట్యాంకులు, ఆరేసిన చీరలు, ఎవరూ కూర్చోని బాల్కనీలు. "ఇంతమంది బాల్కనీలు కట్టుకున్నరు, ఒక్కలన్న నిలబడ్డరా?" అంది. నేనూ లెక్కపెట్టాను. అమీర్‌పేట దాకా ఇద్దరు. ఒకాయన ఫోన్లో ఉన్నాడు.

మెట్రో పాతబస్తీలోకి పోదు కాబట్టి ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కాం. మూసీ దాటుతుంటే ముక్కు మూసుకున్నాం, అది మామూలే.

ఛత్తా బజార్ ఏం మారలేదు, అన్నీ ఇరుకు సందులే. షాపుల ముందు కార్డుల కట్టలు, లోపల ఇంకు వాసన. మేం వెళ్లిన షాపులో కంప్యూటర్ ముందున్న అబ్బాయి అను ఫాంట్లలో తెలుగు టకటకా కొడుతున్నాడు. అతనికి తెలుగు చదవడం అంతంతమాత్రం, వేళ్లకి మాత్రం బాగా వచ్చు. మొదటి ప్రూఫులో పైనే పెద్దక్షరాల్లో "ఆహ్వనం" అని ఉంది. దీర్ఘం పోయింది. నేను వేలు పెట్టి చూపిస్తే షాపు పెద్దాయన కళ్లజోడు సర్దుకుని చూసి, "ఫికర్ నక్కో అమ్మా, గంటలో సరిచేసి పెడతా, జర తిరిగి రండి" అన్నాడు.

ఆ గంట గడపడానికే పత్తర్‌గట్టి వైపు నడిచాం, పెళ్లికొడుక్కి షేర్వానీ గుడ్డ చూద్దామని. సగం దూరంలో వాన అందుకుంది. సన్నగా మొదలై చూస్తుండగానే దంచింది. నా చేతిలో గొడుగు లేదు. కానీ పది అడుగులు వేసేసరికి కమాను కిందకి చేరాం, అంతే, వాన మాకు సంబంధం లేని విషయమైపోయింది.

ఆ వరండా గురించి రాయడానికే ఈ రాత్రి డైరీ తీశాను.

బూడిద రంగు గ్రానైట్ స్తంభాలు, వాటి మీద వరసగా కమాన్లు, పైన కిటికీల అంతస్తు. షాపులు ఆ కమాన్లకి లోపలున్నాయి. షాపుకీ రోడ్డుకీ మధ్య మనిషి నడిచే జాగా పొడుగూతా నీడలో ఉంటుంది. ముగ్గురు పక్కపక్కన నడవొచ్చు. అంటే నడవొచ్చేది. ఇప్పుడు షేర్వానీలు తొడిగిన బొమ్మలు, బైకులు, తోపుడుబండి మీది చున్నీలు దాన్ని సగం తినేశాయి. తలపైన కరెంటు తీగలు ఉండలు ఉండలుగా వేలాడుతున్నాయి, చూస్తేనే భయం. అయినా ఆ వానలో ఎంతమంది పట్టారో. బుర్ఖాల్లో ముగ్గురు అమ్మాయిలు గాజుల సంచులు గుండెకి హత్తుకుని, గుడ్డల మూటలు దించుకున్న ఇద్దరు హమాలీలు, ఒక డెలివరీ అబ్బాయి, నేను, అత్తమ్మ. ఎవరూ ఎవర్నీ ఏం కొంటారని అడగలేదు.

అత్తమ్మ స్తంభం మొదట్లో గట్టు మీద కూర్చోబోతుంటే, షాపాయన లోపల్నుంచి ప్లాస్టిక్ స్టూలు తెచ్చి వేశాడు. ఆమె కూర్చుని గ్రానైట్‌ని అరచేత్తో రాసి చూసింది. "సల్లగున్నది. మా నాయినోళ్ల ఇంటి అరుగు లెక్క."

నేను చెప్పాను. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఈ ఊరిని ముంచేసింది, వేలమంది పోయారు. మళ్లీ అలా జరక్కుండా ఏం చేయాలని విశ్వేశ్వరయ్యగారిని పిలిచారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు ఆ తర్వాత వచ్చినవే, ఒకటి 1920లో, ఇంకోటి 1927లో. ఊరిని తిరిగి కట్టడానికి 1912లో నగరాభివృద్ధి బోర్డు ఒకటి పెట్టారు. ఆ బోర్డు రోడ్లు వెడల్పు చేసింది, ఇరుకు బస్తీలు తీసేసింది, ఈ పత్తర్‌గట్టి కట్టింది. అత్తమ్మ అంతా విని, "తీసేసినోళ్లు యాడికి పోయిండ్రు?" అని అడిగింది. కొందరికి కొత్త ఇళ్లు కట్టారని చెప్పాను. "అందరికి?" అంది. నేను షేర్వానీ బొమ్మ వైపు చూశాను.

మా అపార్ట్‌మెంటు కొనేటప్పుడు బిల్డర్ నోట ఒకటే మాట, 168 జీవో. 2012 నాటి బిల్డింగ్ రూల్స్ అవి. చుట్టూ ఎంత జాగా వదలాలో అందులో ఉంటుంది. బిల్డింగు ఎంత ఎత్తు లేస్తే అంత జాగా వదలాలి. అగ్గి పుడితే ఫైరింజను తిరగాలి, గాలి వెలుతురు రావాలి, సరైన రూలే. కానీ ఫలితం చూస్తే, ఇల్లు ఎంత పెద్దదైతే రోడ్డుకి అంత దూరం జరుగుతుంది. ఆ మధ్య జాగాలో కార్లుంటాయి, ఆ జాగా చుట్టూ గోడ. మేం వదిలిన జాగా మాకే. ఇక్కడ కమాను కింది జాగా కట్టడం లోపలిదే, కానీ నడిచేవాళ్లది. రెండూ రూలు పెట్టి కట్టించినవే మరి.

వాన తగ్గాక ఒక అబ్బాయి రెండు కప్పుల ఇరానీ చాయ్ తెచ్చిచ్చాడు. షేర్వానీ గుడ్డ కొనలేదు, మీటరు రేటు వినగానే అత్తమ్మ లేచింది. స్టూలు వేసినాయన ఏమీ అనుకోలేదు, లేదా అనుకుని పైకి కనపడనివ్వలేదు. మచిలీ కమాన్ దాకా నడిచి, దూరం నుంచే చార్మినార్ చూసి వెనక్కి తిరిగాం. ఇంకా నడిపిస్తే మోకాళ్ల మాట రాత్రి నేనే వినాలి.

సాయంత్రం మా గేటుకి రెండొందల గజాల ఇవతలే ఆటో దిగాం, అక్కడ నీళ్లు నిలిచి ఆటో ముందుకి రానంది. మళ్లీ చినుకులు. మా గోడ పక్కనే నడిచాం. నాలుగేళ్లుగా ఆ గోడని కారులోంచే చూశాను, అదంత పొడుగుందని ఈరోజే తెలిసింది. ఒక చూరు లేదు, గట్టు లేదు, చెట్టు కూడా గోడకి లోపలే. మా కమ్యూనిటీ వాట్సాప్‌లో కిందటి నెలే గోడ పక్కన మొక్కజొన్న పొత్తులు కాల్చే ఆమెని పంపించేయాలని తీర్మానం జరిగింది. నేనూ బొటనవేలు పెట్టాను. ఆమె ఉండి ఉంటే ఆ నీలం పట్టా కింద ఓ ఐదు నిమిషాలు నిలబడేవాళ్లం.

తొమ్మిదింటికి ఫోన్లో కొత్త ప్రూఫు వచ్చింది. "ఆహ్వానం" బాగానే ఉంది. పెళ్లికొడుకు పేరులో ఒత్తు పోయింది. ఫోన్ చేసి చెప్తానంటే అత్తమ్మ వద్దంది. సోమవారం పొద్దున్నే పోదాం, తనూ వస్తుందట, ఈసారి గొడుగు అవసరం లేదట.