వెనుక వరుస నుంచి విభూది బుధవారం

కతోలిక క్రైస్తవులు విభూది బుధవారంగా పాటించే రోజు గురించి నాకు ఎంతో కొంత తెలుసుననే అనుకునేవాణ్ణి. పేరులోని రెండు మాటలూ ఎరిగినవే కావడంతో, శుభాన్నీ రక్షణనూ కోరి నుదుట పెట్టుకునే గుర్తు ఏదో అయి ఉంటుందని ఊహించుకుని అంతటితో ఊరుకున్నాను. 2025లో ఒక మిత్రురాలి వెంట ఆ నాటి పూజకు వెళ్లి వెనుక వరుసలో కూర్చున్న తరువాత గానీ, అది పశ్చాత్తాపానికీ మరణస్మరణకూ సంబంధించిన గుర్తని నాకు తెలియలేదు.

ఈ బుధవారానికి స్థిరమైన తేదీ లేదు. చర్చి లెక్క ప్రకారం మార్చి 21న గానీ ఆ తరువాత గానీ వచ్చే పున్నమి దాటిన మొదటి ఆదివారం ఈస్టర్. అక్కడి నుంచి 46 రోజులు వెనక్కి వస్తే విభూది బుధవారం. ఆ ఏడు ఈస్టర్ ఏప్రిల్ 20న పడింది కనుక ఇది మార్చి 5న వచ్చింది. యేసు అరణ్యంలో ఉపవాసమున్న 40 రోజులకు గుర్తుగా పాటించే తపస్సు కాలానికి ఇది తొలి దినమని విని, మరి మిగిలిన ఆరు రోజుల సంగతేమిటని అడిగాను. ప్రతి ఆదివారమూ పునరుత్థానాన్ని తలచుకునే పండుగ దినమే కాబట్టి, మధ్యలో వచ్చే ఆరు ఆదివారాలను ఉపవాసపు లెక్కలో చేర్చరని ఆమె చెప్పింది.

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకున్నది ఆ బూడిద పుట్టుక. ఈస్టర్‌కు ముందు వచ్చే మట్టల ఆదివారం నాడు, యేసు యెరూషలేములో ప్రవేశించినప్పుడు జనం జయజయధ్వానాలతో ఎదురేగిన ఘట్టాన్ని స్మరిస్తూ, భక్తులు ఆశీర్వదించిన మట్టలను చేతపట్టుకుంటారు. చాలామంది వాటిని ఇంట్లో భద్రపరుస్తారు. మరుసటి ఏడు తపస్సు కాలం రాబోయే ముందు ఆ ఎండిన మట్టలను తిరిగి గుడికి చేర్చి కాలుస్తారు. ఆ బూడిదే ఈ బుధవారం నుదుటి మీదికి వస్తుంది. జేజేలు పలికిన ఆ వారంలోనే యేసు సిలువ మరణం పొందాడన్న సంగతి గుర్తుంచుకుని చూస్తే, ఎవరూ నోరు విప్పి వివరించనక్కరలేకుండానే ఈ ఆచారం చెప్పదలచినది చెబుతుంది.

ఊదారంగు పూజావస్త్రాలు ధరించిన గురువు బొటనవేలితో ఒక్కొక్కరి నుదుట సిలువ గుర్తు వేస్తూ, నీవు మట్టివనీ తిరిగి మట్టిలోనే కలుస్తావనీ గుర్తుచేశారు. పసిబిడ్డను ఎత్తుకుని వచ్చిన తల్లికీ, కర్ర ఊతంగా వచ్చిన వృద్ధుడికీ అదే మాట, అదే స్వరంతో చెప్పడం చూసి నేను కాస్త ఉలిక్కిపడ్డాను. కొన్ని దేశాల్లో నుదుట రాయకుండా నడినెత్తిన బూడిద చల్లుతారట. పాత నిబంధనలో నీనెవె నగరపు రాజు పశ్చాత్తాపంతో బూడిదలో కూర్చున్న ఉదంతం తెలిసినవారికి ఆ పద్ధతే ప్రాచీనమైనదనిపిస్తుంది.

అయితే నాకొక చిక్కు ఎదురైంది. అంతకు కొద్దిసేపటి ముందే చదివిన మత్తయి సువార్త ఆరవ అధ్యాయంలో, ఉపవాసం చేసేవారు నలుగురికీ కనబడేలా ముఖం వాడ్చుకోకూడదనీ, తలకు నూనె రాసుకుని ముఖం కడుక్కోవాలనీ యేసు బోధిస్తాడు. ముఖం కడుక్కోమన్న మాట విన్నవారే ముఖాన మసి పూయించుకుని వీధిలోకి నడవడం ఏమిటి? ఈ సందేహం తమకూ కొత్తది కాదని మిత్రురాలు నవ్వింది. పూజ కాగానే తుడిచేసుకునేవారున్నారు, రాత్రి దాకా ఉంచుకునేవారున్నారు. ఎంతసేపు ఉంచుకోవాలన్న నియమం లేదు. తాను మాత్రం ఉంచుకుంటుంది. అద్దంలో కనబడినప్పుడల్లా మొదట ఇబ్బంది, తరువాత జ్ఞాపకం కలుగుతాయంది. ఆ వైరుధ్యాన్ని సరిదిద్దుకోకుండా ఏటా రెండింటినీ ఒకే పూజలో ఉంచడమే నాకు నిజాయితీగా తోచింది.

ఉపవాస నియమాలు నేననుకున్నంత కఠినమైనవి కావు: 18 ఏళ్లు నిండినవారు 60వ ఏట అడుగుపెట్టే వరకు ఆ రోజు ఒక్క పూటే కడుపునిండా తింటారు, మిగిలిన రెండు పూటలా స్వల్పాహారం, 14 ఏళ్లు దాటినవారెవరూ మాంసం ముట్టరు. క్రైస్తవులందరికీ ఈ రోజు ఒకే రీతిన లేదన్నది కూడా నాకు కొత్త విషయమే. తూర్పు ఆర్థడాక్స్ సంప్రదాయంలో తపస్సు కాలం సోమవారమే మొదలవుతుంది. ప్రొటెస్టెంట్లలో ఆంగ్లికన్లు, లూథరన్లు పాటిస్తే, మరికొన్ని సంఘాలు పాటించవు.

బాప్తిస్మం పొందనివారు దివ్యసత్ప్రసాదం, అంటే పూజలో పంచే పవిత్రమైన రొట్టె, స్వీకరించకూడదు గానీ విభూది అందుకోవచ్చునని చెప్పి, “కావాలంటే నువ్వూ రా” అని ఆమె లేచింది. నేను లేవలేదు. చేయని పశ్చాత్తాపానికి గుర్తు వేయించుకోవడం మర్యాద కాదనిపించింది. ఏప్రిల్ 13న మట్టల ఆదివారానికి మాత్రం వెళ్లి, అందరితోపాటు చేయి చాచి ఒక మట్ట తీసుకున్నాను. ఇప్పుడది నా పుస్తకాల అలమర పక్కన ఎండి, అంచులు ముడుచుకుని ఉంది; తపస్సు కాలం రాకముందే తిరిగి ఇవ్వాలని మిత్రురాలు ఇప్పటికే రెండుసార్లు గుర్తుచేసింది.