పాప నడుముకి ఎల్లో బెల్టు

నిన్న పర్లాకిమిడిలో మా పాపకి కరాటేలో ఎల్లో బెల్టు వచ్చింది. ఇంటికొచ్చాక కూడా విప్పనంది. కొత్తది కదా, అట్టలా బిరుసుగా ఉంది. ముడి వేస్తే రెండు కొసలూ చెరో పక్కకి నిక్కుతున్నాయి.

"అమ్మా, ఈ రంగులు ఎవరు పెట్టారు?" అంది.

కరాటే పుట్టింది ఇప్పటి జపాన్‌లోని ఒకినావాలో, ఒకప్పటి ర్యూక్యూ రాజ్యంలో. అక్కడివాళ్ళ 'తే' అనే చేతి విద్యలో చైనా పద్ధతులు కలిశాయి. అందుకే మొదట్లో 'చైనా చెయ్యి' అనే అర్థంతో రాసేవారు. 1930లలో పలకడం అలాగే ఉంచి, రాత మార్చి 'ఖాళీ చెయ్యి' చేశారు. నాకు ఈ పేరే ఇష్టం. ఆయుధం లేని చెయ్యి!

బెల్టులు మాత్రం జూడో నుంచి వచ్చాయి. జూడోని స్థాపించిన జిగోరో కానో 1880లలో 'డాన్' మెట్లు, అంటే బ్లాక్ బెల్టు స్థాయిలు, పెట్టాడు. 1922లో టోక్యోలో కరాటే ప్రదర్శించిన గిచిన్ ఫునాకోషి అదే పద్ధతి తీసుకుని 1924లో తన శిష్యులకి తొలి డాన్‌లు ఇచ్చాడు. ఈ రంగులకి ప్రాచుర్యం తెచ్చింది పారిస్‌లో జూడో నేర్పిన కవాయిషి.

తెల్ల బెల్టు ఉతక్కుండా వాడితే చెమటకి, మట్టికి నల్లబడి బ్లాక్ బెల్టు అయ్యేదని ఓ కథ చెబుతారు. నేను నమ్మను. మెట్లు పెట్టిన మనిషి, సంవత్సరం కళ్ళముందే ఉన్నాయి కదా.

పాప అద్దం ముందు నిలబడి "ఇచి, ని, సాన్" అని లెక్కపెడుతూ గుద్దులు విసిరింది. పక్కింటి ఒడియా పిల్లాడు గుమ్మంలో నిలబడి "ఎకొ, దుయి, తిని" అన్నాడు. ఇద్దరూ కలిసి ముడి ఏడుసార్లు విప్పి కట్టారు.